థామస్ బర్జర్: ఊరూరా తిరిగి విన్న జడ్జి

థామస్ రాడ్నీ బర్జర్ (1933–2021) కెనడాలో లాయరుగా మొదలై పార్లమెంటు సభ్యుడిగా, ఒక రాష్ట్రంలో పార్టీ నాయకుడిగా, సుమారు పన్నెండేళ్లు న్యాయమూర్తిగా పనిచేసి, ఆ పదవిని వదులుకుని మళ్లీ లాయరు కోటు వేసుకున్న వ్యక్తి. ఎన్నికల్లో ఆయనకు గెలుపులతో సమానంగా ఓటములు ఎదురయ్యాయి. ఆయనకు అన్నిటికన్నా ఎక్కువ పేరు తెచ్చిన కేసు, తీర్పు లెక్కలో ఓడిపోయిన కేసు. ఆయన అధ్యక్షత వహించిన అతి పెద్ద విచారణకు సిఫారసు చేసే అధికారమే తప్ప ఆదేశించే అధికారం లేదు. అయినా ఇవాళ కెనడాలో మూలవాసుల భూమి హక్కుల గురించి ఎక్కడ వాదన జరిగినా ఆయన పని ప్రస్తావన రాకుండా ఉండదు. వృత్తి జీవితమంతా ఆయన ఒకే ప్రశ్నను పట్టుకుని నడవడమే అందుకు కారణం: ఎవరి మాటకు సాక్ష్యమనే విలువ ఇస్తున్నాం, ఎవరి మాటకు ఇవ్వడం లేదు?

బర్జర్ 1933 మార్చి 23న బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర రాజధాని విక్టోరియాలో పుట్టారు. తండ్రి కెనడా మౌంటెడ్ పోలీసు దళంలో ఉద్యోగి. వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో లా చదివి 1957లో బార్‌లో చేరారు. మొదట్లో ఆయన దగ్గరికి వచ్చినవి ఎక్కువగా కార్మిక సంఘాల కేసులు, పనిలో ఆరోగ్యం పోగొట్టుకున్నవాళ్ల పరిహారం కేసులు.

ఆయన దారి మలుపు తిరిగిన తీరు అర్థం కావాలంటే ఆ రాష్ట్రపు భూమి చరిత్ర కొంత తెలియాలి. కెనడాలో చాలా చోట్ల ప్రభుత్వం మూలవాసులతో ఏదో ఒక ఒప్పందం రాయించుకుని నేలను తీసుకుంది. ఆ ఒప్పందాలు ఎంత న్యాయమైనవన్నది వేరే సంగతి. బ్రిటిష్ కొలంబియాలో ఆ మాత్రం లాంఛనమైనా జరగలేదు. వాంకూవర్ దీవిలో 1850–54 మధ్య జేమ్స్ డగ్లస్ కుదుర్చుకున్న 14 ఒప్పందాలు, ఈశాన్య మూలన ఇంకొకటి తప్ప మిగతా రాష్ట్రమంతా కాగితం ముక్క లేకుండానే చేతులు మారింది. అడుగుదామన్నా చట్టం అడ్డు నిలిచింది. 1927 నుంచి 1951 వరకు, ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి దావా కోసం మూలవాసుల దగ్గర డబ్బు పోగుచేయడం నేరం. అంటే లాయరును పెట్టుకోవడమే నేరమైనట్టు. బర్జర్ ప్రాక్టీసు మొదలుపెట్టే నాటికి ఆ నిషేధం తొలగి ఆరేళ్లే అయింది.

1963లో వాంకూవర్ దీవిలోని నానైమో దగ్గర క్లిఫర్డ్ వైట్, డేవిడ్ బాబ్ అనే ఇద్దరు మూలవాసులను వేటకు అనుమతి లేని కాలంలో ఆరు జింకల కళేబరాలతో పట్టుకున్నారు. మూలవాసుల పత్రిక ‘నేటివ్ వాయిస్’ ప్రచురణకర్త మైసీ హర్లీ ఈ కేసును బర్జర్‌కు అప్పగించారు. ఆయన బయటికి తీసిన ఆధారం 1854 నాటి డగ్లస్ ఒప్పందం. దాన్ని ఒప్పందమని పిలవడానికే రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. చూడ్డానికి అది నిజంగానే విచిత్రమైన కాగితం: వరసగా పేర్లు, వాటి పక్కన ఇంటూ గుర్తులు. షరతులు ఉండాల్సిన చోట ఏమీ రాసి లేదు. మిగతా డగ్లస్ ఒప్పందాల్లోని మాటలే దీనికీ వర్తిస్తాయని, ఖాళీ నేలల మీద మునుపటిలాగే వేటాడుకోవచ్చన్న హామీ అందులో ఉందని బర్జర్ వాదించారు. మానవ శాస్త్రవేత్త విల్సన్ డఫ్ చేత కోర్టులో సాక్ష్యం చెప్పించారు. 1964లో రాష్ట్ర అప్పీలు కోర్టు ఆ కాగితం ఒప్పందమేనని తేల్చింది. మరుసటి ఏడాది కెనడా సుప్రీంకోర్టూ అదే మాట నిలబెట్టింది. చదవడం రానివాళ్లు పెట్టిన గుర్తులకు, ఇచ్చిపుచ్చుకున్న నోటిమాటకు చట్టం ముందు బరువుందని ఆ తీర్పు చెప్పింది.

ఇదే కాలంలో ఆయన రాజకీయాల్లోనూ తలమునకలై ఉన్నారు. వామపక్ష భావాలున్న న్యూ డెమోక్రటిక్ పార్టీ తరఫున 1962లో, 29 ఏళ్ల వయసులో, వాంకూవర్-బరార్డ్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఏడాది తిరగకుండానే మళ్లీ ఎన్నికలొచ్చి సీటు పోయింది. 1966లో రాష్ట్ర శాసనసభలో అడుగుపెట్టారు. 1969 ఏప్రిల్‌లో డేవ్ బారెట్‌ను ఓడించి రాష్ట్ర పార్టీ నాయకుడయ్యారు. ఆగస్టులో జరిగిన ఎన్నికల్లో సోషల్ క్రెడిట్ పార్టీ నాయకుడు డబ్ల్యూ.ఏ.సి. బెన్నెట్ 38 సీట్లు గెలిస్తే బర్జర్ పార్టీకి 12 దక్కాయి. నాయకుడి సీటు కూడా పోయింది. ఆయన పక్కకు తప్పుకుంటే పగ్గాలు అందుకున్న బారెట్, 1972లో ముఖ్యమంత్రి అయ్యారు. బర్జర్ రాజకీయ జీవితం గురించి ఇంతకన్నా చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. ఆయన పనికొచ్చే చోటు చట్టసభ కాదని ఓటర్లే తేల్చేశారనుకోవచ్చు.

రాజకీయాల హడావుడి మధ్యనే ఆయన నిస్గా ప్రజల కేసు చేపట్టారు. రాష్ట్రపు వాయవ్యాన నాస్ నది లోయ వాళ్ల నేల. వాళ్ల నాయకుడు ఫ్రాంక్ కాల్డర్ 1949లోనే రాష్ట్ర శాసనసభకు గెలిచినవారు. బర్జర్‌కు ఆ సభలో సహసభ్యుడు కూడా. వాళ్లు పరిహారం అడగలేదు, ఎకరాలు అడగలేదు. ఈ నేల మీద తమ హక్కు చట్ట ప్రకారం ఎన్నడూ రద్దు కాలేదని ప్రకటించమన్నారు, అంతే. ట్రయల్ కోర్టులో ఓడిపోయారు. అప్పీలులోనూ ఓడిపోయారు. పోతే అంతా పోతుందని, సుప్రీంకోర్టు దాకా వెళ్లొద్దని ఇతర మూలవాసుల్లోనే కొందరు వారించినా వాళ్లు వెనక్కి తగ్గలేదు. 1971 నవంబరులో ఒట్టావాలో ఏడుగురు జడ్జీల ఎదుట బర్జర్ వాదించారు.

తీర్పు 1973 జనవరి 31న వచ్చింది. మూలవాసుల భూమి హక్కు ప్రభుత్వ దయతో వచ్చింది కాదని, యూరోపియన్లు రాకముందు నుంచీ వాళ్లు ఆ నేల మీద ఉండడం వల్లే పుట్టిందని ఆరుగురు అంగీకరించారు. అది ఇంకా బతికే ఉందా అన్న దగ్గర చీలిపోయారు. జస్టిస్ ఎమెట్ హాల్, మరో ఇద్దరు ఉందన్నారు. జస్టిస్ జడ్సన్, మరో ఇద్దరు లేదన్నారు. ఏడో జడ్జి జస్టిస్ పిజన్ అసలు విషయంలోకే వెళ్లలేదు. ప్రభుత్వం మీద దావా వేయడానికి ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని, అది తీసుకోలేదు కాబట్టి కేసు చెల్లదని అన్నారు. అలా నిస్గాలు 4–3తో ఓడిపోయారు. ఓడిపోయిన ఆ కేసే దేశ విధానాన్ని తిప్పేసింది. నాలుగేళ్ల ముందు భూమి హక్కుల వాదనను పక్కన పెట్టేసిన ప్రధాని పియర్ ట్రూడో ప్రభుత్వం, ఆ ఆగస్టులో మూలవాసులతో భూమి చర్చలకు సిద్ధమని ప్రకటించింది. నిస్గాల ఒప్పందం 2000 మే 11న అమల్లోకి వచ్చింది. ఆ రోజుకు ఫ్రాంక్ కాల్డర్ బతికే ఉన్నారు.

తీర్పు వెలువడే నాటికి బర్జర్ బార్‌లో లేరు. ఒట్టావా వాదన ముగిసిన కొన్నాళ్లకే, 38 ఏళ్ల వయసులో, బ్రిటిష్ కొలంబియా సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు. పేరు సుప్రీంకోర్టే గానీ అది రాష్ట్ర స్థాయి ట్రయల్ కోర్టు. దాని మీద రాష్ట్ర అప్పీలు కోర్టు, ఆపైన ఒట్టావాలోని కెనడా సుప్రీంకోర్టు ఉంటాయి. ఇరవయ్యో శతాబ్దంలో అంత చిన్న వయసులో ఆ బెంచి ఎక్కినవారు ఆ రాష్ట్రంలో ఇంకొకరు లేరు.

ఆయన అధ్యక్షత వహించిన అతి పెద్ద విచారణకు మూలం ఉత్తరాన ఉంది. 1968లో అలాస్కా ఉత్తర తీరాన ప్రూడో బే దగ్గర చమురు, గ్యాస్ బయటపడ్డాయి. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేశాక ఉత్తరాన ఉన్న ఇంధనం మీద ఆశ ఇంకా పెరిగింది. ఇంపీరియల్, షెల్, గల్ఫ్ వంటి కంపెనీలు కలిసిన ‘ఆర్కిటిక్ గ్యాస్’ అనే కూటమి, అలాస్కా నుంచి యూకాన్ ఉత్తర తీరం మీదుగా మెకంజీ నది ముఖద్వారానికి, అక్కణ్ణుంచి లోయ వెంట దక్షిణానికి నాలుగడుగుల వ్యాసం గల గొట్టం వేస్తామని ముందుకొచ్చింది. ప్రపంచంలో ఏ ప్రైవేటు కంపెనీ తలపెట్టిన పనికన్నా ఇది పెద్దదని అప్పట్లో చెప్పుకున్నారు. ట్రూడో ప్రభుత్వం మైనారిటీలో పడి న్యూ డెమోక్రటిక్ పార్టీ మద్దతు మీద నడుస్తున్న రోజులవి. 1974 మార్చిలో ఈ గొట్టం వల్ల ఉత్తరాదిపై పడే ప్రభావాన్ని విచారించే పని బర్జర్‌కు అప్పగించారు. షరతులు సూచించి ఊరుకుంటారని చాలామంది అనుకున్నారు.

ఆయన మొదట చేసిన పని విచారణను ఆలస్యం చేయడం. కంపెనీలకు ఏళ్ల తరబడి చేయించుకున్న అధ్యయనాలున్నాయి. లాయర్లున్నారు, ఇంజినీర్లున్నారు. అవతల వేటగాళ్లకు, జాలర్లకు ఏముంది? మూలవాసుల సంఘాలకు, పర్యావరణ సంస్థలకు, ఉత్తరాది మున్సిపాలిటీలకు తమ సాక్ష్యం తయారు చేసుకోవడానికి ప్రభుత్వమే డబ్బివ్వాలని బర్జర్ పట్టుబట్టారు, ఇప్పించారు. కంపెనీల దగ్గరా ప్రభుత్వం దగ్గరా ఉన్న నివేదికలన్నీ అందరికీ చూపాలని ఆదేశించారు. ఈ రెండు ఏర్పాట్లూ లేకపోతే తర్వాత జరిగినదేదీ జరిగేది కాదు. విచారణ గురించి రాసేవాళ్లు గ్రామ సభల దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు గానీ, ఈ డబ్బు సంగతి దగ్గరే అసలు తేడా పడింది.

1975 మార్చిలో ఉత్తరాది పట్టణం ఎల్లోనైఫ్‌లో నిపుణుల విచారణ మొదలైంది. అక్కడ ప్రమాణాలు, క్రాస్ ఎగ్జామినేషన్లు, గ్రాఫులు. దానికి సమాంతరంగా బర్జర్ చిన్న విమానాల్లో ఊరూరా తిరిగారు. మెకంజీ లోయలో, డెల్టాలో, యూకాన్ ఉత్తరాన మొత్తం 35 ఊళ్లు. ఊరి హాల్లో ఒక బల్ల, ఒక టేప్ రికార్డర్, దుబాసీ. లాయర్లు అడ్డుపడకూడదు. మాట్లాడేవారికి గడియారం చూపించకూడదు. వాళ్ల భాషలో వాళ్లు మొదలుపెట్టిన చోట మొదలుపెట్టి, ఆపాలనుకున్న చోట ఆపుతారు. ఒక ముసలాయన తాత వేటాడిన వాగు దగ్గర మొదలుపెట్టి బిడ్డను బోర్డింగ్ స్కూలుకు పట్టుకుపోయిన రోజు దాకా చెప్పినా ‘విషయానికి రండి’ అనేవాళ్లు లేరు. ఆ ముసలాయన దృష్టిలో అదే విషయం. వేటగాళ్లు తాము తిరిగే దారులను మ్యాపుల మీద గీసి తెచ్చారు. కంపెనీ మ్యాపులో ఖాళీగా ఉన్న నేల నిండా వలలూ ఉచ్చులూ బెర్రీ పొదలూ ఉన్నాయని ఆ గీతలు చూపించాయి. సుమారు వెయ్యి మంది గ్రామస్థులు, 300 మంది నిపుణులు సాక్ష్యం చెప్పారు. రాతప్రతి 40 వేల పేజీలు దాటింది.

కెనడా ప్రసార సంస్థ సీబీసీ రేడియో ప్రతి రాత్రీ ఆ రోజు సాక్ష్యాల సారాన్ని ఇంగ్లీషులోనూ, ఇనుక్టిటుట్, స్లేవీ వంటి ఉత్తరాది భాషల్లోనూ ప్రసారం చేసింది. విట్ ఫ్రేజర్ నడిపిన ఆ బృందంలో ఏబ్ ఓక్‌పిక్ వంటి మూలవాసీ విలేకరులుండేవారు. ఒక ఊళ్లో చెప్పింది మరునాటికి లోయ అంతా తెలిసేది. పక్క ఊరివాళ్లు అక్కడి నుంచి అందుకుని మాట్లాడేవారు. 1975 ఆగస్టులో ఫోర్ట్ గుడ్ హోప్‌లో యువ నాయకుడు ఫ్రాంక్ టిసెలేయీ, ఆర్కిటిక్ గ్యాస్‌కు పోటీ కంపెనీ ‘ఫుట్‌హిల్స్’ అధిపతి బాబ్ బ్లెయిర్ ఎదురుగానే కూర్చుని ఉండగా, ఆయన్ను మూలవాసుల మీద దండెత్తిన జనరల్ కస్టర్‌తో పోల్చారు. ఈ గొట్టం ఆపడానికి ప్రాణమైనా ఇస్తామన్నారు. ఆ ప్రసంగం దేశమంతా మారుమోగింది.

ఎల్లోనైఫ్‌లో గ్రాఫుల మధ్య కూడా నాటకీయత తక్కువేమీ లేదు. ఉత్తరాన నేల ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉంటుంది. వేడి గొట్టం పాతితే కరిగి కుంగిపోతుంది. అందుకే గ్యాస్‌ను చల్లబరిచి పంపుతామని ఆర్కిటిక్ గ్యాస్ చెప్పింది. అయితే దక్షిణానికి వచ్చేకొద్దీ గడ్డకట్టని నేల తగులుతుంది. అక్కడ చల్లని గొట్టం చుట్టూ మంచు పేరుకుని నేల పైకి ఉబుకుతుంది, గొట్టాన్ని ఎత్తేస్తుంది. పైన మట్టి బరువు వేస్తే సరిపోతుందని కంపెనీ ఏళ్లపాటు వాదించింది. చివరికి 1976లో, తమ ప్రయోగశాల పరికరంలో లోపం ఉందని, లెక్కలు తప్పాయని తానే ఒప్పుకోవాల్సి వచ్చింది. నిపుణుల మాటకు జనం మాట పోటీ కాదనుకునేవాళ్లకు ఇది గుర్తుండాల్సిన ఘట్టం. నిపుణుల మాటనూ అంతే ఓపికగా పరీక్షించడం వల్లే ఆ లోపం బయటపడింది.

1977 మే 9న విడుదలైన నివేదికకు ‘నార్తర్న్ ఫ్రాంటియర్, నార్తర్న్ హోమ్‌లాండ్’ అని పేరు పెట్టారు. ఒకరికి సరిహద్దు ప్రాంతం, ఇంకొకరికి పుట్టిల్లు. ఫొటోలతో, సామాన్యులు చదవగలిగే వాక్యాలతో వచ్చిన ఆ ప్రభుత్వ నివేదిక పుస్తకాల షాపుల్లో విపరీతంగా అమ్ముడైంది. పోర్క్యుపైన్ మంద అనే కారిబూ జింకలు ఈనే చోటు కాబట్టి యూకాన్ ఉత్తర తీరం మీదుగా గొట్టం ఎన్నటికీ వద్దన్నారు. మెకంజీ లోయలో మాత్రం వేయొచ్చు, కానీ ముందు పదేళ్లు ఆగి భూమి హక్కులు తేల్చమన్నారు. ఆ జూలైలోనే జాతీయ ఇంధన బోర్డు కూడా ఆర్కిటిక్ గ్యాస్ ప్రతిపాదనను తోసిపుచ్చింది.

బర్జర్ గొట్టాలకు వ్యతిరేకి అన్న ముద్ర పడిపోయింది గానీ అది సరికాదు. ఆయన అడిగింది వరస క్రమం: ముందు హక్కు, తర్వాత ప్రాజెక్టు. ఆ తర్వాతి కాలం దాన్ని చక్కగా చూపించింది. 1984లో ఇనువియాలుయిట్, 1992లో గ్విచిన్, 1993లో సాహ్తూ ప్రజల భూమి ఒప్పందాలు కుదిరాయి. 2000 తర్వాత మళ్లీ మెకంజీ గొట్టం ప్రతిపాదన వచ్చినప్పుడు, ఒకప్పుడు వ్యతిరేకించిన వాళ్లే చాలామంది ఈసారి మూడో వంతు వాటాతో యజమానులుగా కూర్చున్నారు. అన్ని అనుమతులూ వచ్చాక గ్యాస్ ధరలు పడిపోయి, 2017లో కంపెనీలే విరమించుకున్నాయి. యూకాన్ ఉత్తర తీరం 1984లో జాతీయ పార్కయింది.

1981 నవంబరులో ట్రూడో, తొమ్మిది రాష్ట్రాల ముఖ్యమంత్రులు కొత్త రాజ్యాంగం మీద రాజీకి వచ్చారు. క్యూబెక్ ఒప్పుకోలేదు. ముసాయిదాలో ఉన్న మూలవాసుల హక్కుల నిబంధన ఆ బేరంలో ఎగిరిపోయింది. జడ్జిగా ఉన్న బర్జర్ ఊరుకోలేకపోయారు. బహిరంగ ప్రసంగంలోనూ, ‘గ్లోబ్ అండ్ మెయిల్’ పత్రికలో రాసిన వ్యాసంలోనూ ఇది అన్యాయమన్నారు. దేశమంతటా లేచిన నిరసనలతో ఆ నిబంధన తిరిగొచ్చింది. ఇవాళ అది రాజ్యాంగంలో 35వ సెక్షన్. అయితే ఒక ఫెడరల్ కోర్టు జడ్జి బర్జర్ మీద జ్యుడీషియల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేశారు. కౌన్సిల్ ఆయన్ను పదవి నుంచి తొలగించాల్సిన పని లేదంటూనే, చేసింది అవివేకమని తేల్చింది. కెనడా ప్రధాన న్యాయమూర్తి బోరా లాస్కిన్ 1982లో బార్ అసోసియేషన్ సభలో ఆయన్ను బాహాటంగా తప్పుపట్టారు. నిస్గాల కేసులో వాళ్ల హక్కు బతికే ఉందన్న ముగ్గురు జడ్జీల్లో లాస్కిన్ ఒకరు.

లాస్కిన్ ఆందోళనను కొట్టిపారేయలేం. ఇవాళ వేదిక మీద మాట్లాడిన విషయమే రేపు కేసుగా ఎదుటికొస్తే జడ్జి ఏం చేయాలి? కానీ హక్కులు పోగొట్టుకుంటున్నవాళ్లకు ఆ గదిలో కుర్చీ కూడా లేనప్పుడు, వాళ్ల సాక్ష్యాలు చెవులారా విన్న మనిషి నోరు మూసుకోవడం తటస్థతగా చెల్లుతుందా అన్న ప్రశ్న ఇంకా బరువైనది. బర్జర్ ఆ రెండింటికీ మర్యాదగల జవాబిచ్చారు. తన మాట వెనక్కి తీసుకోలేదు, కుర్చీ పట్టుకుని వేలాడలేదు. జడ్జికి మాట్లాడే స్వేచ్ఛ లేదంటే తనకు ఆ పదవి వద్దని 1983లో రాజీనామా చేశారు.

ఆ వెంటనే అలాస్కా పిలిచింది. అక్కడి మూలవాసులకు 1971 చట్టం 4.4 కోట్ల ఎకరాలు, 96 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది. ఇచ్చింది మాత్రం తెగలకు కాదు, వాళ్ల పేరు మీద పెట్టిన కార్పొరేషన్లకు. 1991 తర్వాత ఆ షేర్లు బయటివాళ్లకు అమ్ముకోవచ్చని ఆ చట్టంలో ఉండేది. అప్పుపడ్డ కార్పొరేషన్‌తో పాటు పూర్వీకుల నేలా పోతుందన్నమాట. ఇనూయిట్ సర్కంపోలార్ కాన్ఫరెన్స్ కోరికపై బర్జర్ సుమారు 60 గ్రామాలు తిరిగి, 1985లో ‘విలేజ్ జర్నీ’ పేరుతో నివేదిక ప్రచురించారు. నేల కార్పొరేషన్ల చేతిలో కాక గ్రామ ప్రభుత్వాల చేతిలో ఉండాలన్నారు. అమెరికా కాంగ్రెస్ అంత దూరం పోలేదు గానీ, షేర్ల అమ్మకం దానంతటదే తెరుచుకోకుండా చట్టాన్ని సవరించింది.

భారతదేశానికి ఆయన వచ్చింది నర్మద కోసం. సర్దార్ సరోవర్ ఆనకట్టకు, కాలువలకు ప్రపంచ బ్యాంకు 1985లో 45 కోట్ల డాలర్ల సాయం మంజూరు చేసింది. నర్మదా బచావో ఆందోళన ఉద్యమం ముదిరాక, 1991లో బ్యాంకు తన ప్రాజెక్టు మీద తానే స్వతంత్ర సమీక్ష వేయించింది. బ్యాంకు చరిత్రలో అలాంటిది అదే మొదటిది. ఐక్యరాజ్యసమితిలో పనిచేసిన బ్రాడ్‌ఫర్డ్ మోర్స్ ఛైర్మన్, బర్జర్ డిప్యూటీ ఛైర్మన్. వాళ్లు గుజరాత్, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ గ్రామాల్లో తిరిగారు. 245 గ్రామాల్లో కనీసం లక్ష మంది ముంపులో పడతారని, కాలువల కింద నేల కోల్పోయే మరో లక్షా నలభై వేల మందిని ఎవరూ నిర్వాసితులుగానే లెక్కించలేదని రాశారు. తరతరాలుగా అడవి నేల దున్నుకుంటున్న ఆదివాసులు పట్టా లేనందుకు కాగితాల్లో ఆక్రమణదారులయ్యారు. ఆ పద్దు కింద పడ్డవాళ్లకు నేలకు నేల ఇచ్చే బాధ్యత చాలా చోట్ల లేకుండా పోయింది. నానైమో ఇంటూ గుర్తుల కాగితం దగ్గర మొదలైన మనిషికి ఇది కొత్త సంగతి కాదు.

1992 జూన్‌లో ఇచ్చిన నివేదిక, అప్పటి పరిస్థితుల్లో అందరికీ పునరావాసం సాధ్యం కాదని, పర్యావరణ ప్రభావాన్ని సరిగా అంచనా వేయలేదని చెప్పి, బ్యాంకు ఒక అడుగు వెనక్కి వేయడమే మంచిదని సూచించింది. 1993 మార్చిలో భారత ప్రభుత్వమే మిగిలిన రుణం వద్దంది. ఆనకట్ట ఆగలేదు. 2000లో సుప్రీంకోర్టు అనుమతించింది, 2017లో జాతికి అంకితం చేశారు. ఆ నివేదిక వల్ల మారింది ప్రపంచ బ్యాంకు. ప్రాజెక్టు బాధితులు నేరుగా ఫిర్యాదు చేసుకునే ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ 1993లో ఏర్పడింది.

2006లో, కెనడా ఉత్తరాన నూనావుట్‌లో మూలవాసులకు ప్రభుత్వోద్యోగాలు ఎందుకు దక్కడం లేదో తేల్చమంటే, జవాబు బడిలో దొరికిందని ఆయన అన్నారు. పిల్లలు మొదటి మూడు, నాలుగేళ్లు ఇనుక్టిటుట్‌లో చదివి ఒక్కసారిగా ఇంగ్లీషులోకి మారేవారు. నలుగురిలో ఒక్కరే హైస్కూలు పూర్తి చేసేవారు. బడి పొడుగునా రెండు భాషలూ నడవాలని సిఫారసు చేశారు.

కోర్టును మాత్రం చివరి దాకా వదల్లేదు. మూలవాసులకూ యూరోపియన్లకూ పుట్టిన సంతతి అయిన మేటీల పిల్లలకు 14 లక్షల ఎకరాలు పంచుతానని 1870 మానిటోబా చట్టంలో మాటిచ్చిన ప్రభుత్వం, జాప్యంతో, అక్రమాలతో ఆ మాట నీరుగార్చింది. మేటీ సంఘం 1981లో వేసిన దావాను బర్జర్ తర్వాతి దశల్లో భుజానికెత్తుకుని, రెండు కోర్టుల్లో ఓడి, 2013 మార్చిలో సుప్రీంకోర్టులో గెలిచారు. వాగ్దానం నెరవేర్చడంలో ప్రభుత్వం తన గౌరవాన్ని నిలబెట్టుకోలేదని కోర్టు ప్రకటించింది.

యూకాన్‌లో సుమారు 68 వేల చదరపు కిలోమీటర్ల పీల్ నదీ పరీవాహక ప్రాంతం గురించి ఆయన సుప్రీంకోర్టుకు వచ్చేనాటికి 84వ ఏట ఉన్నారు. ఏళ్ల తరబడి సంప్రదింపుల తర్వాత ప్రణాళికా సంఘం 80 శాతం నేలను కాపాడమంటే, యూకాన్ ప్రభుత్వం చివరి అంచెలో తన సొంత పథకం తెచ్చి దాన్ని 29 శాతానికి దించింది. సంప్రదింపులు జరిగినంతసేపూ బయటపెట్టని పథకాన్ని చివర్లో రుద్దడం భూమి ఒప్పందాలకు విరుద్ధమని బర్జర్ వాదించారు. 2017 డిసెంబరు 1న న్యాయస్థానం ఏకగ్రీవంగా ఒప్పుకుని ప్రభుత్వ పథకాన్ని కొట్టేసింది. 2019లో ఖరారైన కొత్త ప్రణాళిక 83 శాతం నేలకు రక్షణ కల్పించింది. బర్జర్ 2021 ఏప్రిల్ 28న వాంకూవర్‌లో 88 ఏళ్ల వయసులో మరణించారు.